చీటీ నాదే, మూట నాది కాదు

కువైట్ నుంచి రావాల్సిన మా విమానం రద్దయింది. కంపెనీ వాళ్లు మమ్మల్ని ఇంకో దేశం మీదుగా వేర్వేరు విమానాల్లో సర్దారు. సామాన్ల మీది పాత చీటీలు పీకి కొత్తవి అంటించారు. ఆ అంటించడంలోనే కొంప ముంచారు.

ఖాట్మండూలో బెల్టు మీద వచ్చేవన్నీ ఒకే రకం మూటలు. అందరం ఇంటికి మందపాటి దుప్పటి కొంటాం, అదే పసుపు తాడుతో బిగిస్తాం, గుర్తుకని ఎర్రగుడ్డ కడతాం. అందరూ ఎర్రగుడ్డే కడితే ఇక గుర్తేమిటని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఫూల్‌మాయా, నేను అక్కడ ఒకే ఇంట్లో పనిచేశాం. నాది వంట, ఆమెది పిల్లల పని. తన పేరున్న మూటను ఎత్తిందో లేదో కింద పెట్టేసింది.

"ఇది నాది కాదు దిదీ. తేలిగ్గా ఉంది."

ఆమె దుప్పటి మడతల్లో బట్టల అంచులు కుట్టే మిషను ఉంది. దానితో తన ఊరు సింధులీ బజారులో కొట్టు పెట్టుకోవాలని ఆమె ఆశ. మిషను లేకపోతే మళ్లీ కువైట్, మళ్లీ ఆ మేడమ్ కేకలు. తిరిగి ఎప్పుడు వెళ్తావని మొగుడు అప్పుడే ఫోనులో అడుగుతున్నాడు.

కౌంటరులోని ఉద్యోగి చీటీ చూశాడు.

"పేరు మీదే కదా దిదీ, తీసుకెళ్లండి. ఎవరి మూటలో చూసినా దుప్పటే కదా."

"చీటీ నాదే, మూట నాది కాదు."

"అయితే ఇక్కడ పెట్టి వెళ్లండి. గోదాములో వేస్తాం. మీది దొరికితే ఫోన్ చేస్తాం."

"నా మూట పట్టుకెళ్లినవాడు దీనికోసం వస్తాడు. గోదాములో పడేస్తే వాడికేం కనబడుతుంది?" అని ఫూల్‌మాయా ఆ మూట మీదే కూర్చుంది.

పోలీసు వచ్చి లేవమన్నాడు.

"మూటతో సహా ఎత్తి బయట పెట్టుకోండి సార్," అంది.

ఆయన నా వైపు చూశాడు. నాకు పోలీసంటే భయం. "బహినీ, ఫిర్యాదు రాసిచ్చి పోదాం. బయట మనం మాట్లాడుకున్న బండివాడు తిడుతున్నాడు," అన్నాను.

"నువ్వెళ్లు దిదీ. ఇన్నేళ్లూ వాళ్లు లేవమంటే లేచాను, తినమంటే తిన్నాను. ఈ రోజు లేవను."

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. వెళ్లి ఆమె పక్కనే చతికిలబడ్డాను. ఇద్దరు ఆడవాళ్లను లేపడం తన వల్ల కాదనుకున్నాడేమో, పోలీసు గొణుక్కుంటూ పోయాడు.

పొద్దు వాలుతుండగా గాజు తలుపు అవతల ఒకతను చేతులూపాడు. భుజాన ఏదో గుడ్డలో కట్టిన మూట ఉంది. కాపలావాళ్లతో గొడవపడి లోపలికి వచ్చాడు. పేరు దిల్‌మాన్, మాకంటే ముందు విమానంలో దిగాడట. చీటీ మీద తన పేరు చూసి, దగ్గరలోనే ఉన్న ఇంటికి మూట పట్టుకెళ్లాడు.

"ఇక్కడ ఇంకేం సామాను మిగల్లేదు పొమ్మన్నారు దిదీ. ఖాళీ హాల్లో మీరు మూట మీద కూర్చుని కనిపించారు. నాదే అయ్యుంటుందనుకున్నాను."

తర్వాత తల దించుకున్నాడు. ఇంటికి చేరగానే చుట్టాల ముందు మూట విప్పి, చేతికందింది పంచిపెట్టడం మా అలవాటు. దుప్పటి లాగితే మిషను బయటపడింది, అప్పుడు గానీ అతనికి తెలియలేదు.

"దుప్పటి మా పెద్దత్త కప్పేసుకుంది. ఎలా అడగను దిదీ?"

"కప్పుకోనీ. మిషను ఇటివ్వు."

ఫూల్‌మాయా మూట విప్పి, మిషను చక్రం తిప్పి చూసి, అప్పుడు లేచింది. కౌంటరు ఉద్యోగికి కూడా ప్రాణం లేచొచ్చింది.

"వచ్చేసారి మూట మీద పేరు పెద్దగా రాయండి దిదీ."

"వచ్చేసారి లేదు భాయి."

ఆ మాట మొగుడికి ఇంకా చెప్పనే లేదు. ముందు ఇతనికి చెప్పింది.

నాది రెండు నెలల సెలవు. తిరుగు టికెట్టు సంచిలోనే ఉంది. ఆమెను చూస్తే అసూయ కలిగింది, దాచను. మిషనుకు చెరోవైపు పట్టుకుని బండి దాకా మోశాం.