నా చెవికి లొంగిన ఇంగ్లీషు కారు

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి, గుసగుసలాపండి. మీరు నోరు మూస్తేనే నేను తెరుస్తాను.

కార్ల సీట్లు కుట్టే షెడ్డులో నా పని. అందరూ నన్ను సూదమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లలో నేను కుట్టిన సీట్లన్నీ వరసగా వేస్తే చంద్రుడి దాకా కూర్చుంటూ పోవచ్చు. వాటిలో ఒక్కటీ నాది కాదు. ఆ మధ్య పళ్ల డాక్టరమ్మ సీట్లు కొలవమని ఇంటికి పిలిచింది. అక్కడ చూశాను దాన్ని. అరవయ్యేళ్ల నాటి ఇంగ్లీషు కారు. పచ్చది, పొడుగు ముక్కుది, రెండే సీట్లు. ఎంత కిందికి ఉందంటే, చీమ అడ్డమొస్తే కారే తలెత్తి దారి అడగాలి. బానెట్టు ఎత్తితే లోపల సాలెపురుగులు నాలుగు తరాల సంసారం చేస్తున్నాయి.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ కబురు చేసింది. "సీట్లు కుట్టకు సూదమ్మా. ఇద్దరు మెకానిక్కులొచ్చి తీగలు కాల్చి పోయారు. విసుగొచ్చింది. ఆదివారం పాత ఇనుము కొనే అతనొచ్చి పట్టుకుపోతాడు."

"నాకిచ్చేయండి," అన్నాను. నేనే అన్నానా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా.

ఆవిడ కళ్లజోడు మీంచి నన్ను కొలిచింది. "అతనొచ్చేలోపు నువ్వే నడిపి గేటు దాటిస్తే నీది. లేదంటే అతనిది."

ఇంట్లో గిన్నెలు తోముతూ చెప్పాను. మా ఆయన వ్యాను డ్రైవరు. "అంత సరదాగా ఉంటే నా వ్యాను కడగవే, డబ్బులడగనులే," అన్నాడు. "దీనికి సరదాలైతే నా మోకాళ్లకి నూనె రాసేదెవరు?" అంది అత్తయ్య. నవ్వారిద్దరూ. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నా మీద జోకేసినా మొదట నవ్వాల్సింది నేనే.

ఆదివారం పొద్దున వేడుక చూడ్డానికని మా ఆయనా డాక్టరమ్మ ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకుంటాడా, పానా లాక్కున్నాడు. "మైనస్సు బాడీకి, ప్లస్సు ఇటు. లోకమంతా అంతే," అంటూ నేను తెచ్చిన కొత్త బ్యాటరీకి తీగలు బిగించసాగాడు. బ్యాటరీ మీద రెండు సీసం గుబ్బలుంటాయి, ప్లస్సుది కాస్త లావు. బాడీ నుంచి వచ్చే తీగ కొస సన్న గుబ్బ మీద వదులైతే రేకుముక్క చుట్టాడు. రెండోది లావు గుబ్బకి పట్టకపోతే సుత్తి తీశాడు.

"ఆగండి! పెద్ద బొత్తానికి చిన్న కాజా పెట్టి సుత్తితో కొడితే చొక్కా అవుతుందా? తీగలు మార్చండి."

"నాకే చెప్తావా? ప్లస్సు బాడీకేస్తే కాలిపోతుందే!"

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో, మా నాన్న చెప్పేవాడు! దీనికి ప్లస్సే బాడీకి. ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్లట."

మార్చి బిగించి తాళం తిప్పాను. ఇంజను బుస్సుమంది, దగ్గింది, గిలగిల్లాడింది. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి పట్టే కార్బురేటర్లు దీనికి రెండున్నాయి. రెండూ సమంగా గాలి పీల్చాలి. గేటు బయట పాత ఇనుము లారీ హారను మోగింది. నేనో రబ్బరు గొట్టం ముక్క తీసుకుని ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టాను.

వినడం నాకెవరూ నేర్పలేదు. గేటు గడియ మోతని బట్టి మా ఆయన ఏ మూడ్‌లో వచ్చాడో, అత్తయ్య దగ్గుని బట్టి నీళ్లు కావాలో మాత్ర కావాలో, పక్కగదిలో మంచం కిర్రుమంటే లేచింది ఎవరో, అన్నీ పద్దెనిమిదేళ్లుగా వింటూనే ఉన్నాను. ఇలా వినడం ఒక పని అని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. ఒక కార్బురేటరు బుసబుసా మొత్తం గాలి తనే లాగేస్తోంది, రెండోది పాపం ఊపిరి బిగబట్టి సర్దుకుంటోంది. నాకు బాగా తెలిసిన సంసారం అది. లాగేసేదాని మర వెంట్రుకవాసి తగ్గించాను, సర్దుకునేదానిది వెంట్రుకవాసి పెంచాను. ఇటు విన్నాను, అటు విన్నాను. రెండు ఊపిర్లూ ఒక్కటయ్యాయి. ఇంజను గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. నా చెవి మొదటిసారి నా కోసం పనిచేసింది.

మా ఆయన తాళం కోసం చెయ్యి చాపాడు. "జరుగు, గేటు నేను దాటిస్తా. నువ్వు పక్కన కూర్చో."

షెడ్డులో కార్లు ముందుకీ వెనక్కీ జరిపే డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సూ ఉంది. అయినా ఒక్క క్షణం, అలవాటుకొద్దీ నా కాలు పక్క సీటు వైపే కదిలింది. ఆపాను.

"పక్క సీటు కొలిచింది నేనేనండీ," అన్నాను. "మీకు సరిపోతుంది. కూర్చోండి."

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. లారీ వెనక్కి జరిగి దారిచ్చింది. నేను గేటు దాటాను. పైన కప్పు లేదు, ఆకాశమంతా నా ఒళ్లోనే ఉంది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మలుపు దగ్గర మంగలి, సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి, కత్తి పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు.

"అమ్మా సూదమ్మా, కారు టాపు ఉతికి ఆరేశావా ఏంటి? కాస్త ఆరిందాకా ఆగకూడదూ!"