ఒంటి మీద పుట్టిన మాట

ప అక్షరం ప్రూఫులు దిద్దాలి, పుట నంబర్లు సరిచూడాలి, అమ్మకి కళ్లలో వేసే చుక్కల మందు కొనాలి, తెగిన చెప్పు కుట్టించాలి, అన్నిటికంటే ముందు నాలుగింటిలోగా పులకింతకి అర్థం రాయాలి, ఎందుకంటే నిన్న నేను రాసింది చూసి పెద్దసారు, పులకింత అంటే గగుర్పాటు చూడు అన్నావు, గగుర్పాటు దగ్గరికి పోతే పులకింత చూడు అన్నావు, చదివేవాణ్ని గానుగెద్దుని చేస్తావా అమ్మా అన్నారు, పక్క బల్ల దగ్గర ప్రూఫుల అక్క నవ్వాపుకోలేక దగ్గింది, ఈ నిఘంటువు ఆఫీసులో ఆరు నెలలు పని చూసి గాని ఉద్యోగం ఖాయం చెయ్యరు, ఆ ఆరు నెలలు ఈ రోజుతో సరి, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే, ఇది పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లను.

సంతోషం అని రాద్దామా, సంతోషానికి ఇంత ఉలికిపాటు ఉండదు, ఉత్సాహం అందామా, అది కాళ్లలో ఉంటుంది, ఇది అక్కడిది కాదు, ఈ మాటకి పాత అర్థం రాసి పెట్టిన కార్డు తీస్తే, పులకం, సంస్కృతం, ఒంటి మీద వెంట్రుకలు నిక్కడం, అంతే, ఇంకేమీ లేదు, గగుర్పాటు చూస్తే అది భయానికీ అదే సంబరానికీ అదే, మరి పులకింతలోకి ఆనందం ఏ దారిన వచ్చింది, అక్కా నీకు చివరిసారి ఒళ్లెప్పుడు పులకరించింది అని అడిగితే, మొన్న గ్యాసు బండ చెప్పిన రోజుకే వచ్చింది చూడు, అప్పుడు, అంది, నవ్వాను గాని గడియారం మూడు దాటింది, కిటికీ అవతల కొత్త మేడకి ఎవరో సిమెంటు పూస్తున్నారు, మోచేతి దాకా దుమ్ము, నాన్న చెయ్యీ అచ్చం అలాగే ఉంటుంది.

నాన్న తాపీమేస్త్రీ, డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు ఆయన పనిచేసే చోటికి పరుగెత్తి, పరంజా కింద నిలబడి, ప్యాసయ్యాను నాన్నా అని అరిచాను, ఆయన మెల్లగా దిగొచ్చాడు, మెచ్చుకోలేదు, చెయ్యి చాపాడు, ఎండ మండిపోతోంది, దుమ్ము పట్టి తెల్లబడ్డ వెంట్రుకలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి, ఇదేంటే, జ్వరం గాని వస్తోందా నాకు, అన్నాడు భయంగా, కాదు నాన్నా అన్నాను, మరేంటో చెప్పు, చదువుకున్నదానివి నువ్వే కదా, అన్నాడు, నాకు చెప్పడం చేతకాలేదు, ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, పోనీలే, ఏదైతేనేం, బాగుంది, అన్నాడు.

బాగుంది అన్నాడు, అదే కదా దారి, ముందు ఒళ్లు ఉలిక్కిపడుతుంది, భయమో సంబరమో దానికి తెలియదు, మనిషి ఒక్క క్షణం తనని తాను చూసుకుని బాగుంది అంటాడు, ఆనందం వచ్చేది అప్పుడే, కార్డు మీద గబగబా రాశాను, పులకింత, మనసు పేరు పెట్టకముందే ఒంటికి అందిన సంతోషం, దాంతో వెంట్రుకలు నిక్కడం, పెద్దసారు రెండుసార్లు చదివి ఇది ఏ పుస్తకంలోది అన్నారు, పుస్తకంలోది కాదండీ, మా నాన్న దగ్గరిది, అన్నాను, ఆయన సంతకం పెట్టి, సోమవారం నుంచి ఫ అక్షరం కూడా నువ్వే చూడు అన్నారు, మా నిఘంటువులో పుస్తకాల పేర్లు వేస్తారు గాని మాటకి అర్థం ఇచ్చిన మనుషుల పేర్లు వెయ్యరు, అందుకే అడుగుతున్నాను, ఎప్పుడైనా ఆ పుట తెరిస్తే, చదువు రాకపోయినా ఆ అర్థం తెలిసిన మా నాన్నని ఒక్కసారి తలుచుకోండి.