హన్నమ్మ వెంట నీళ్లు

కలిదిండి అవతల కొల్లేటి లంకలో నర్సమ్మంటే హన్నమ్మే. పొద్దున్నే టీకాల పెట్టే, బీపీ మిషనూ పడవలో పెట్టుకుని బయల్దేరుతుంది. వేసవిలో కొల్లేరు బురదే కదా, పడవెలా నడుస్తుందంటారా? కడుపుతో ఉన్న మనిషిని ఎక్కించుకోవాలంటే హన్నమ్మ పడవ కిందికి నీళ్లే వస్తాయి. చేపల చెరువుల్లో ఆ మేరకు మట్టం తగ్గుతుంది. ఎవరికో నొప్పులు వచ్చుంటాయిలే అనుకుని, ఆ నీళ్లు తిరిగొచ్చేదాకా రైతులు మోటార్లు వేసుకుంటారు.

ఈ వేసవిలో సరిహద్దున యుద్ధం మొదలైంది. లంకలో చేపల చెరువులున్న బంగార్రాజు కొడుకు హేమంత్‌కుమార్ అక్కడే సిపాయి. చెరువులు చూసుకోకుండా మిలిటరీలో చేరాడని తండ్రి అతనితో మాట మానేశాడు. కోడలు తులసికి నెలలు నిండాయి. ఏలూరులో పుట్టింటికి వెళ్లాల్సిన పిల్ల, భర్త ఫోను వచ్చేదాకా ఊరు దాటనని మొండికేసింది.

హన్నమ్మ బీపీ చూసింది, వాచిన కాళ్లు చూసింది. వెంటనే ఆసుపత్రికి చేర్చి ఆపరేషన్ చేయించకపోతే ఫిట్స్ వస్తాయనీ, తల్లీబిడ్డా దక్కరనీ మొహమ్మీదే చెప్పేసింది. తీరా చూస్తే చేపల పట్టుబడులైపోయి చెరువులన్నీ ఎండిపోయున్నాయి. నీళ్లున్నది బంగార్రాజు చెరువులోనే, అదీ అమ్మకానికొచ్చిన చేపలతో.

"తూము తీయండి రాజుగారూ," అంది హన్నమ్మ.

ఆయన చెరువు వంక చూసి, కోడలి వంక చూసి, తూముకి అడ్డంగా వేసిన ఇసుక బస్తాలు లాగేశాడు. నీళ్లు పడవ దగ్గరికొచ్చి ఆగాయి. తులసి మాత్రం ఎక్కలేదు. తన ఫోను మావగారి చేతిలో పెట్టింది.

"ఆపరేషన్ గదిలోకి ఫోను రానివ్వరండీ. ఆయనకి వీలయ్యేది ఒక్కసారేనేమో. మీరు తీసి మాట్లాడతానంటేనే ఎక్కుతాను, మావయ్యగారూ."

బంగార్రాజు మాట్లాడతానని తలూపాడు. పడవ కదిలింది.

సాయంత్రం దాకా ఆయన ఫోను పట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు. కింద బురదలో చేపలు కొట్టుకుంటుంటే అటు చూడనైనా లేదు. పురుడు క్షేమంగా జరిగితేనే హన్నమ్మ వెంట పోయిన నీళ్లు తిరిగొస్తాయి. అదొక్కటే ఆయన ఎదురుచూపు. పొద్దుగూకుతుండగా తూములో గలగలమంది. పాదాలు తడిశాయి. ఆ తడిలో ఉండగానే ఫోను మోగింది.

"తులసీ?"

"నేనురా."

"నాన్నా, తనకేమైంది?" అన్నాడు హేమంత్.

"నీళ్లు తిరిగొచ్చాయిరా."

లంకలో పుట్టినవాడికి అంతకంటే ఏం చెప్పాలి? హేమంత్ భోరుమన్నాడు. బంగార్రాజు కండువాతో కళ్లు తుడుచుకుని, "పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?" అనడిగాడు.