కొత్త పిల్లలకు శ్రేయ చెప్పనిది

నాందేడ్‌లోని ఆ కాన్వెంటు హాస్టల్లో జూన్ వచ్చిందంటే తొమ్మిదో తరగతి శ్రేయకు నోటి నిండా పనే. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు ఇక్కడ ఎట్లా మసలుకోవాలో చెప్పే బాధ్యత నిరుడూ ఆమెదే, ఈ ఏడూ ఆమెదే. ముఖేడ్, మర్ఖేల్, దెగ్లూర్ దిక్కు నుంచి వచ్చే తెలుగిళ్ళ పిల్లలకు మరాఠీ వస్తుంది, హిందీ వస్తుంది, ఇంగ్లీషు అనేసరికి మాత్రం కాళ్ళు వణుకుతాయి. శ్రేయది కిన్వట్ పక్కన గోకుంద. పిల్లల మాటల్లోనే పిల్లలకు చెబుతుందని వార్డెన్ సిస్టర్ ఆమెను ఎంచుకుంది.

చెప్పడంలో శ్రేయకు శ్రేయే సాటి. పొద్దున అయిదుంబావుకు మొదటి గంట, రెండో గంటకూ లేవకపోతే దుప్పటి లాగేస్తారు. నల్లా దగ్గర బకెట్ పెట్టి పోతే వరసలో ఉన్నట్టు కాదు, బకెట్ పక్కన మనిషి కూడా ఉండాలి. పెట్టెలో ఊరగాయ దాచుకోవద్దు, చీమలు పక్కదాని బట్టల్లోకీ పాకుతాయి. భోజనానికి ముందు అందరూ నిలబడి ప్రార్థన చేస్తారు, రాకపోతే చేతులు కట్టుకొని ఊరుకోవాలి, పెదాలు ఉత్తుత్తిగా ఆడిస్తే సిస్టర్ ఇట్టే పట్టేస్తుంది. చేతికున్న దారం తియ్యమని ఎవరూ అనరు గాని, గాజులతో పీటీ టీచర్ కంట పడొద్దు. మొదటి వారం ఏడుపొస్తుంది, బాత్రూంలో దూరి ఏడవొద్దు, బయట వరసలో ఉన్నవాళ్ళు తిట్టిపోస్తారు. ఇదంతా శ్రేయ గడగడా అప్పజెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకొని వినేవాళ్ళు.

ఒక్కటి మాత్రం చెప్పేది కాదు. ఆదివారం చర్చిలో జరిగే పూజలో ఫాదర్ తెల్లటి పల్చని బిళ్ళలు పంచుతాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే వరసలో పోయి వాటిని తీసుకోవాలి, మిగతా పిల్లలు బెంచీల మీదే కూర్చోవాలి. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి శ్రేయ, "పూజల మంచిగ కూసోవాలె, గంతే" అని దాటేసేది.

ఎందుకంటే, ఆరో తరగతిలో తొలి ఆదివారమే ఆమె అందరి వెనకాలా పోయి, చెయ్యి చాపి, ఆ బిళ్ళను కళ్ళకద్దుకొని తినేసింది. కొన్నాళ్ళకు పక్క మంచం పిల్ల మాటల సందున చెప్పింది, అది తింటే యేసు లోపలికి వస్తాడని, ఇక తిన్నవాళ్ళు ఆయన మనుషులేనని. అంతే, తానిక ఇంటి దేవుడికి పరాయిదాన్నయిపోయానని శ్రేయకు భయం పట్టుకుంది. అప్పటినుంచి సెలవులకు గోకుంద పోయినా ఇంట్లో దేవుని దగ్గర దీపం ముట్టించలేదు. ఒకసారి కడుపునొప్పి, ఒకసారి తలస్నానం కాలేదు, ఒకసారి ముట్టు. పదిహేను రోజుల్లో రెండుసార్లు ముట్టేమిటని తల్లి జనాబాయి ఆమెను డాక్టరు దగ్గరికి కూడా లాక్కుపోయింది. అక్కడ ఇంట్లో దేవుణ్ణి మోసం చేస్తున్నట్టుండేది, ఇక్కడ చర్చిలో దొంగలా కూర్చున్నట్టుండేది. ఎక్కడా కుదురు లేకుండా మూడేళ్ళు గడిచిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. కొత్త పిల్లలకు ఆ నియమం చెబితే, నీకెట్ల తెల్సిందక్కా అని ఒక్కతైనా అడుగుతుందని ఆమె భయం.

ఈ ఏడు తొలి ఆదివారం పూజకు ఊళ్ళోని కిరిస్తానీ కుటుంబాలు కూడా వచ్చాయి. ఫాదర్ కొత్తవాడు, ఎవరు ఎవరో ఆయనకు తెలియదు. శ్రేయ అయిదుగురు కొత్త పిల్లలతో ఆఖరి బెంచీలో కూర్చుంది. బిళ్ళలు పంచే వేళకు తల వంచుకొని కళ్ళు మూసుకోవడం ఆమెకు అలవాటు. ఆ పూట కూడా అదే చేసింది. కళ్ళు తెరిచేసరికి బెంచీలో పిల్లలు నలుగురే ఉన్నారు.

మర్ఖేల్ పిల్ల ప్రతీక్ష వరసలోంచి తిరిగి వస్తోంది. గుప్పిట మూసి ఉంది. బెంచీలో కూర్చొని, గుప్పిట తెరిచి, బిళ్ళను రెండు కళ్ళకూ అద్దుకొని, చేతిరుమాలు కొసన జాగ్రత్తగా ముడేసింది. ఆఖరి పాట పాడుతున్నంతసేపూ శ్రేయ చూపు ఆ ముడి మీదే ఉంది.

నాష్టాకు అటుకులు పెడుతుంటే శ్రేయ తినకుండా ప్రతీక్ష చెయ్యి పట్టుకొని బట్టలారేసే తీగల వెనక్కి తీసుకుపోయింది.

"గా రుమాల్ల ఏమున్నది?"

"ప్రసాదం."

"తిన్నవా?"

"తినలే అక్కా. ప్రసాదం ఒక్కదాన్నే ఎట్ల తింట? పదకొండు గంటలకు మా అవ్వ అస్తది. అవ్వకు సగం, నాకు సగం."

ప్రతీక్షను పెంచింది నాయనమ్మ సుందరాబాయే. మోకాళ్ళు పట్టేసినా సరే మనవరాలిని చూడాలని పొద్దున్నే నాందేడ్ బస్సెక్కిందట. హమ్మయ్య, పిల్ల తినలేదు అని శ్రేయకు సగం ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే మిగతా సగం పోయింది. ఇన్నాళ్ళూ తానొక్కతే అనుకుంటే ఇప్పుడు మర్ఖేల్ ముసలమ్మ కూడా తోడవబోతోంది.

"గది ఇటియ్యి."

"ఎందుకియ్యాలె?"

"గది మనది కాదు."

"ప్రసాదంల మనది, మందిది అని ఉంటదా?" ప్రతీక్ష రుమాలు వెనక్కి దాచుకుంది. "గురుద్వారకు పోతే లంగర్ల అన్నం తింటలేమా? కందార్ దర్గా కాడ చక్కెర పెడ్తే మా అవ్వ కండ్లకద్దుకొని తింటది."

మూడేళ్ళ కింద చెయ్యి చాపినప్పుడు శ్రేయ అనుకున్నదీ అచ్చం అదే.

"గిది అసొంటిది కాదు. గిది తిన్నోళ్లు కిరిస్తానోళ్లయితరట."

ప్రతీక్ష మొహం మాడిపోయింది. కాసేపటికి కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే. "మరి ముందుగాల్నే ఎందుకు చెప్పలేదు? ఊరగాయ గురించి చెప్తివి, బకెట్ గురించి చెప్తివి. గింత పెద్ద ముచ్చట ఎందుకు చెప్పలేదు?"

పక్కనే మురుగునీళ్ళ మోరీ ఉంది. అందులో పారేస్తే పీడా పోతుంది అనుకుంది శ్రేయ, కాని చెయ్యి రాలేదు. దాన్ని మోరీలో వెయ్యడమంటే చెప్పలేనంత భయం వేసింది. ఇంకో ఆలోచన వచ్చింది. తానే తినేస్తే? ఒకటి ఎలాగూ తిన్నది, రెండోది తింటే కొత్తగా పోయేదేముంది? ఈ పిల్ల బతికిపోతుంది, ముసలమ్మ బతికిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. గబుక్కున రుమాలు లాక్కొని ముడి విప్పబోయింది. తొందరలో లాగేసరికి ముడి ఇంకా బిగుసుకుంది.

"సరే, ఇగ చూడు," అంది, "గీ ముచ్చట ఎవ్వరికి చెప్పకు. మీ అవ్వకు గూడ. సిస్టర్‌కు గూడ."

ప్రతీక్ష తల ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకొని, పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టి, ఇంకెప్పటికీ నోరు తెరవననే తీరుగా ఊపింది. ఆ ఊపు చూశాక శ్రేయకు అర్థమైంది. ఈ పిల్ల నిజంగానే ఎవరికీ చెప్పదు. దసరాకు మర్ఖేల్ పోయి కడుపునొప్పి అంటుంది. దీపావళికి ఇంకేదో అంటుంది. తన మూడేళ్ళను తన చేత్తోనే తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాదు. చెప్దాం," అని రుమాలు తిరిగి ప్రతీక్ష చేతిలో పెట్టింది. "సిస్టర్ తాన్కి పోదాం పా."

వార్డెన్ సిస్టర్‌ది ఆదిలాబాద్ దిక్కు. ఆఫీసులో కూర్చొని, పిల్లలను చూడటానికి వచ్చేవాళ్ళ పాసుల మీద ముద్ర వేస్తోంది. ప్రతీక్ష రుమాలు చాపగానే ముద్ర పక్కన పెట్టేసి లేచింది. చేతులు కడుక్కొని, ముడి విప్పి, బిళ్ళను గ్లాసెడు నీళ్ళలో వేసింది. అది మెత్తబడి, కరిగి, నీళ్ళలో కలిసిపోయేదాకా ముగ్గురూ నిలబడ్డారు. సిస్టర్ ఆ నీళ్ళను కిటికీ బయట మల్లెచెట్టు మొదట్లో పోసి సిలువ గుర్తు వేసుకుంది.

"నేను ముట్టిన సిస్టర్," ప్రతీక్ష వెక్కుతూ అడిగింది. "కిరిస్తానీనైతే కాలేదు గద?"

"ముడితే కారు బిడ్డా, తింటె గూడ కారు. పెద్దగయినంక మనసుల పుట్టి, మీ ఇంటోళ్లకు చెప్పి, ఏండ్లకేండ్లు నేర్సుకొని, అప్పుడు నీళ్లల్ల మాట ఇస్తె అయితరు. తెలువక నోట్ల ఏస్కుంటె ఏం కాదు. గది మాకు పానమసొంటిది, అందుకే ఊకె ఇయ్యం. నువ్వు మంచిగనే దాసినవు. పో, మొఖం కడుక్కో, మీ అవ్వ అస్తది."

ప్రతీక్ష ఎగురుకుంటూ పోయింది. శ్రేయ మాత్రం కదల్లేదు. ఏం కాదట! సిస్టర్ ఒక్క గుక్కలో అనేసింది. మూడేళ్ళు తిండి సయించకుండా, దీపం ముట్టించకుండా తిరిగింది ఈ ఒక్క మాట అడగలేకనా? ఆమెకు నవ్వాలనిపించింది, ఎవరినైనా కొట్టాలనిపించింది, ఆఖరికి ఏడుపే వచ్చింది.

"నేను గూడ తిన్న సిస్టర్. ఆరో తరగతిల."

సిస్టర్ కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. "గిన్ని దినాలు నీ కడుపులనే పెట్టుకున్నవా? నా తలుపు నీకు కనవడలేదా?" అంది. తర్వాత గొంతు మారింది. "మరి నిరుడు పిల్లలకు చెప్పినవా?"

శ్రేయ తల అడ్డంగా ఊపింది.

సిస్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను చెప్తే రూల్ లెక్క ఇంటరు," అంది. "నువ్వే పోయి చెప్పు."

పెద్ద హాల్లో పిల్లలంతా ఇంటివాళ్ళ కోసం ముస్తాబవుతున్నారు. ఒకరి జడ ఒకరు వేస్తున్నారు, పౌడర్ డబ్బా చేతులు మారుతోంది. శ్రేయ ఒక పెట్టె మీదికెక్కి నిలబడింది. ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషికి ఆ పూట మాట పెగలడమే కష్టమైంది. పూజలో వరస సంగతి చెప్పింది. తాను తిన్న సంగతి చెప్పింది. ఇంట్లో దీపం సంగతి కూడా చెప్పేసింది. సిస్టర్ ఏమందో చెప్పింది. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. కొత్త పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గేటు దగ్గర గంట కొట్టగానే హాలంతా ఒక్కసారిగా బయటికి ఉరికింది.

కిటికీ పక్క మంచం మీద ఏడో తరగతి దేవకి ఒక్కతే మిగిలింది. ముఖేడ్ పిల్ల, నిరుడే చేరింది. రిబ్బను పళ్ళ మధ్య పట్టుకొని జడ అల్లుకుంటూ, అల్లడం మానేసి శ్రేయ వైపే చూస్తోంది. రిబ్బను నోట్లోంచి తీసింది.

"నిరుడు గణపతి సెలవులకు నేను ఇంటికి పోలే అక్కా. యాదికున్నదా?"

ఉంది. చదువుకుంటానని హాస్టల్లోనే ఉండిపోయింది. ఎంత బుద్ధిమంతురాలో చూడండని టీచర్లు ఆమెను ప్రార్థన వేళ అందరి ముందూ మెచ్చుకున్నారు. శ్రేయ కూడా చప్పట్లు కొట్టింది.

"మా తమ్ముడు ఫోన్ల మస్తు ఏడ్చిండు," అంది దేవకి. "నువ్వు నిరుడే చెప్పుంటే గా బిళ్ల నోట్ల ఏస్కోకపోతుంటి, ఇంటికి పోతుంటి గద."

శ్రేయ పెట్టె మీంచి దిగింది. వెళ్ళి ఆ మంచం అంచున కూర్చుంది. బయట ఎవరి తల్లో ఎవరి పేరో పిలుస్తోంది.

"మీ ఇంటోళ్లు ఇయ్యాల అస్తున్నరా?" అని అడిగింది.

"రావొద్దని చెప్పిన," అంది దేవకి. సగం అల్లిన జడను మెల్లగా విప్పేసుకుంది.