ఒక్కరికే లైసెన్సు

అక్కాచెల్లెళ్ళు మాటలు మానేశాక కూడా వాళ్ళ మధ్య ఒక్కటి మాత్రం తెగకుండా మిగిలింది. అది వీడియోలు ఎడిట్ చేసుకునే సాఫ్ట్‌వేర్ లైసెన్సు. గడువు ఏడాది. వాడుకోవడానికి హక్కు ఒక్క మనిషికే. ఇద్దరూ చెరిసగం వేసుకుని కొన్నారు. తోడబుట్టినదాన్ని వదులుకోవచ్చు గానీ, కట్టిన డబ్బు వదులుకుంటారా ఎవరైనా? ఇద్దరూ వదల్లేదు.

గొడవకి ముందు కళ్ళద్దాల షాపు పైగదిలో కలిసే పనిచేసేవాళ్ళు. షాపు అక్క మొగుడిది. పుట్టినరోజులు, స్కూలు నాటకాలు, రిటైరయ్యేవాళ్ళ వీడ్కోలు సభలు, ఇలా జనం ఫోన్లలో వంకరటింకరగా తీసి తెచ్చినవన్నీ అతికించి, సంగీతం జోడించి ఇచ్చేవాళ్ళు. అక్క కత్తిరించేది. ఎంతటి పెద్దమనిషి ఉపన్యాసమైనా సరే, ఆవిడ చేతిలో పడితే అర నిమిషానికి దిగిపోవలసిందే. చెల్లెలు రంగులు, మొహాలు దిద్దేది. మొటిమలున్నవాళ్ళంతా చెల్లెలినే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఉన్నది ఒకటే కంప్యూటరు కాబట్టి ఒక్కరి లైసెన్సుతో పని జరిగిపోయేది.

గొడవ తల్లి ఫోటో దగ్గర వచ్చింది. తల్లి పోయాక ఫ్రేము కట్టించడానికి చెల్లెలు ఒక ఫోటో ఎంచింది. ముడతలు తీసేసి, కళ్ళ కింద నలుపు తుడిచేసి, పీక్కుపోయిన బుగ్గలు నింపింది. అది చూసి అక్క ఒంటికాలి మీద లేచింది.

"ఎవరే ఈవిడ? సబ్బు ప్రకటనలోంచి దిగినట్టుంది. అమ్మని ఎక్కడ పడేశావు?"

"బాలేదా అక్కా?"

"మొహాన్ని ఇస్త్రీ చేసి పెట్టావు కదే! అసలు అమ్మ ఎలా ఉండేదో గుర్తుందా నీకు?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. తల్లి మంచాన పడి ఉన్నన్నాళ్ళూ చెల్లెలి ఇంట్లోనే ఉంది. అక్క ఆదివారాలు వెళ్ళి, నాలుగు పళ్ళు అక్కడ పెట్టి, కాసేపు కూర్చుని వచ్చేది. చెల్లెలు తిరిగి నాలుగు దులిపేసి ఉంటే గొడవ అక్కడితో పోయేది. తన వస్తువులు సంచిలో సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అక్కకి ముక్కు మీద కోపం ఎంత తేలిగ్గా వస్తుందో, నోట్లోంచి 'తప్పయింది' అన్న మాట అంత తేలిగ్గా రాదు. వెనక్కి పిలవలేదు.

రెండు వీధుల అవతల తన ఇంట్లోనే చెల్లెలు ఇంకో కంప్యూటరు పెట్టుకుంది. ఒక్కరికే అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. అక్క పనిలో ఉండగా అక్కడ చెల్లెలు సాఫ్ట్‌వేర్ తెరిచిందా, ఇక్కడ తెరంతా బూడిదరంగులోకి మారిపోయి, మధ్యలో ఒక డబ్బా వచ్చేది. 'మీ ఖాతా మరో కంప్యూటరులో తెరుచుకుంది.' దాని కింద 'ఇక్కడే కొనసాగించు' అని ఒక బటను. అది నొక్కితే అవతలి మనిషి బయట పడుతుంది.

"చూశావా! తోసేసింది నన్ను!" అని అక్క అరిచింది.

"నువ్వూ తోసెయ్," అన్నాడు మొగుడు అన్నం కలుపుకుంటూ. ఊరికే ఉండొచ్చు కదా, మహానుభావుడు.

అక్క తోసింది. చెల్లెలు మళ్ళీ తోసింది. రెండు వారాలు ఇదే తంతు. ఒక వీడ్కోలు సభ వీడియో సగంలో గల్లంతై, రిటైరైన ఆయన వచ్చి తిట్టిపోయాక గానీ ఇద్దరికీ బుద్ధి రాలేదు. కూర్చుని మాట్లాడుకున్నది లేదు, మధ్యవర్తి లేడు. కానీ దానంతటదే ఒక పద్ధతి కుదిరింది. పొద్దుటిపూట అక్కది. భోజనాలయ్యాక చెల్లెలిది. మధ్యాహ్నం తెర బూడిదరంగుకి తిరగగానే "వేంచేసింది మహారాణి!" అంటూ అక్క కుర్చీలోంచి లేచేది.

కొన్నాళ్ళకి ఆవిడకో కొత్త అలవాటైంది. పని ముందే అయిపోయినా కంప్యూటరు కట్టెయ్యడం మానేసింది. చెల్లెలు వచ్చి తోసేదాకా అక్కడే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం తెర మారలేదు. మర్నాడూ మారలేదు. ఆ మర్నాడూ అంతే. పని లేదేమో అనుకుంది. లేకపోతే నాకేం, అని కూడా అనుకుంది. అనుకుంటూనే కిందికి దిగి మొగుడి ముందు నిలబడింది.

"నీకు ఆ వీధిలో పనేమైనా ఉందా?"

"ఏ వీధిలో?"

"ఏదో ఒక వీధిలో! అన్నీ విప్పి చెప్పాలా నీకు?"

అతను వెళ్ళి వచ్చాడు. మరదలికి జ్వరమనీ, లేవలేకుండా ఉందనీ చెప్పాడు.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదు. అత్తయ్య ఫోటో గురించి చెప్పింది. 'ఆ ముడతలన్నీ నా కళ్ళ ముందే పడ్డాయి బావా, రోజూ గోడ మీద చూడలేక తీసేశాను' అంది."

అక్క వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అటూ ఇటూ ఎత్తిపడేసింది. వేడిగా వండి డబ్బాలో పెట్టి మొగుడి చేతికిచ్చింది.

"నేనిచ్చానని చెప్పకు. మందుల షాపువాడు పంపాడని చెప్పు."

"ఓహో, మందుల షాపువాళ్ళు కూరలు కూడా వండుతున్నారా?"

"నడు!"

జ్వరం తగ్గేదాకా డబ్బాలు వెళ్తూనే ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే, అక్క పూటలోనే, తెర ఉన్నట్టుండి బూడిదరంగుకి తిరిగింది. "నా పొద్దుటిపూటలో దూరుతుందా! ఎంత పొగరు!" అంది. అని, అమ్మయ్య అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

ఇంతలో ఏడాది దగ్గరపడింది. గడువు ముగుస్తోందని కంపెనీ నుంచి మెయిలు మీద మెయిలు. పాత ఉమ్మడి చిరునామాయే కాబట్టి అవి ఇద్దరికీ చేరుతున్నాయి. మొగుడు తీరిగ్గా చదివాడు.

"ఇద్దరు వాడుకునే లైసెన్సు కూడా ఉంది. కాస్తే ఎక్కువ. ఎవరి పని వాళ్ళది, ఈ తోపులాట ఉండదు. మరదలికి కూడా చెప్పాను."

"బాగుంది," అంది అక్క.

బాగాలేదు. ఇద్దరికని తీసుకుంటే ఇక తెర ఎప్పటికీ మారదు. చెల్లెలు పనిచేస్తోందో, జ్వరంతో పడుందో, ఊరే వదిలిపోయిందో తనకి తెలిసే దారి ఉండదు. పోనీ ఒక్కరికే తీసుకుంటే? నన్ను గెంటేసి తనకొక్కదానికే కొనుక్కుంది అనుకుంటుంది. అసలే మనసు విరిగిన పిల్ల. ఎటు చూసినా చెల్లెలు చేజారిపోయేట్టే ఉంది. అక్కకి భయం వేసింది. ఫోన్ చేసి అడిగెయ్యొచ్చు. ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుందో, అన్నిసార్లూ పక్కన పెట్టేసింది.

చివరి రోజు వచ్చింది, పోయింది. ఆ మధ్యాహ్నం చెల్లెలు రాలేదు. వేరే ఏదో కొనేసుకుని ఉంటుంది, దాని దారి అది చూసుకుంది అనుకుని అక్క ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున్న, గడువు తీరి మూసేసి ఉంటుందని తెలిసీ సాఫ్ట్‌వేర్ నొక్కి చూసింది. తెరుచుకుంది. ఖాతా వివరాల్లోకి వెళ్ళింది. మరో ఏడాదికి డబ్బు కట్టి ఉంది. వాడుకునేవారు: ఒక్కరు. ఇద్దరికిచ్చే లైసెన్సు దాని కిందనే పెద్ద అక్షరాలతో కనపడుతోంది. అది కనపడనంత గుడ్డిది కాదు చెల్లెలు. అక్క ఇంకా ఆ వరసే చూస్తూండగా తెర బూడిదరంగుకి తిరిగింది.

ఈసారి అక్క ఫోన్ తీసి నంబరు నొక్కేసింది. మొదటి రింగుకే ఎత్తారు.

"పొద్దున్న నాది కదే! ఎందుకు తోశావు?"

"నువ్వున్నావో లేదో చూద్దామని," అంది చెల్లెలు. "వేరేది కొనేసుకున్నావేమోనని భయమేసింది."

"బావ నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా ఇద్దరికి తీసుకోమని! బుర్ర లేదూ? ఎందుకు తీసుకోలేదు?"

"నువ్వెందుకు తీసుకోలేదక్కా?"

దేనికైనా జవాబు నాలిక చివరే ఉండే మనిషికి ఏడుపు వచ్చేసింది. ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని ఏడ్చింది. అవతల చెల్లెలు కూడా ఏడుస్తోంది. ఏమైందని కిందనుంచి మొగుడు కేకేస్తున్నా పలకలేదు.