చేతులెత్తిన వాళ్లు

వరండా ఎంత నడిచినా తరగడం లేదు, కాసేపు అది పుష్పలీల చదువుకుంటున్న యూనివర్సిటీ వరండాలాగే ఉంటుంది, మళ్లీ చూస్తే ఫొటోల్లో తప్ప ఎన్నడూ చూడని యూరప్ బ్యాంకు అద్దాల నడవా అయిపోతుంది, అదేమీ ఆమెకు వింతగా తోచదు, తోచేదల్లా ముందు నడుస్తున్న లింబాద్రి సార్ చెప్పులు చప్పుడు చేయకపోవడమే. ఆయన ఆమె పరిశోధనకు గైడ్. గుండెపోటుతో పోయి ఏడాది కావస్తోందని ఆమెకు కలలోనూ తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో, తనే ఎక్కడ నోరు జారుతుందోనని రెండడుగులు వెనకే నడుస్తోంది.

"ఆఖరి చాప్టర్ సదివిన బిడ్డా," అంటారాయన వెనక్కి తిరక్కుండానే. బతికుండగా ఆయన చదవనిది ఆ ఒక్కటే. "యూరప్‌ల ఒకటే కరెన్సీ వాడే దేశాలన్నిటి మీద ఆ పెద్ద బ్యాంకు, ఆ మంత్రుల మండలి పెత్తనం చేస్తయి. గా అధికారం జనం ఇచ్చిందేనా అన్నది నీ ప్రశ్న. ఇచ్చిందేనని తేల్చినవ్. ఎట్ల తేల్చినవ్?"

"ఒక్కో దేశం పార్లమెంటు ఒప్పుకున్నది కద సార్. సభ్యులు చేతులెత్తిండ్రు."

"చేతులెత్తిండ్రా, చేతులెత్తేసిండ్రా?"

ముందు ఆమెకు నవ్వొస్తుంది. క్లాసులో కునుకు తీసేవాళ్లను సార్ ఇలాంటి మాటవిరుపులతోనే లేపేవారు. కానీ ఇప్పుడాయన నవ్వడం లేదు. మనసారా ఒప్పుకోవడానికీ, ఇక మా వల్ల కాదని వదిలేయడానికీ మధ్య ఉన్న ఈ చిన్న తేడాను తానెక్కడా అడగనే లేదని, అడగకుండానే ఇన్నేళ్ల చదువును దాని మీద నిలబెట్టేసిందని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

"ఇయ్యాల నా వైవా సార్. ఇప్పుడు చెప్తే ఎట్ల?"

"ముందుగాలే చెప్దామనుకున్న. టైం ఇయ్యలే."

అయితే తను పోయిన సంగతి ఆయనకు తెలుసన్నమాట. నడవా గోడలు ఎప్పుడు జరిగాయో, ఇద్దరూ పెద్ద సభలో ఉన్నారు, వరసలు వరసలుగా కూర్చున్న సభ్యులందరి చేతులూ పైకే ఉన్నాయి, ముఖాలు మాత్రం తడిచేత్తో తుడిచేసిన పలకల్లా ఉన్నాయి. వేదిక మీద నుంచి ఎవరో, "ఒప్పుకోని వాళ్లు చేతులు దించండి," అంటున్నారు. ఒక్క చెయ్యీ దిగదు. దిగకపోవడం ఇష్టంతో కాదు, భుజాలు వణుకుతున్నాయి, దించాలని ఎంత పెనుగులాడుతున్నారో ఆమెకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు చూసుకుంటుంది తన కుడిచెయ్యి కూడా పైనే ఉందని.

"సార్, నేను ఎత్తలే!"

"నాకెరుకే బిడ్డా. కానీ ఆళ్లు లెక్కపెట్టుకున్నరు."

"దించుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత!"

అప్పుడాయన మొదటిసారి ఆమె వైపు తిరిగి రెండు చేతులూ చూపిస్తారు. పాడె మీద కట్టిన తెల్లటి గుడ్డపేలిక ఇంకా ఆ బొటనవేళ్లను కలిపే ఉంచింది. ఆమె అరుస్తుంది, గొంతు రాదు, వేదిక మీద ఎవరో బల్ల చరుస్తారు, మళ్లీ చరుస్తారు.

ఎవరో తలుపు తడుతున్నారు. యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ గది, మధ్యాహ్నపు ఎండ, తిరుగుతున్న ఫ్యాను. "మేడం, ఎగ్జామినర్ సార్ వచ్చిండ్రు. అందరు కూసున్నరు, రమ్మంటున్నరు," అంటున్నాడు బయట అటెండరు.

కుడిచెయ్యి తలపైన మంచం తలవైపు చట్రానికి ఆనుకుని నిటారుగా ఉంది. భుజం దాకా తిమ్మిరెక్కి, దించబోతే కదలదు. లేచి కూర్చుని, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, ఎవరిదో వస్తువును దించినట్టు ఒళ్లోకి దించుకుంటుంది. చెయ్యి తనదే, ఎత్తింది మాత్రం తను కాదు. ఆ పార్లమెంట్లలో లేచిన చేతులూ ఇలాంటివేనేమో, తను అడగనే లేదని వైవాలో ప్రశ్నలడగడానికి కూర్చున్న వాళ్లతో చెప్పాలి. చెబితే చాప్టర్ కూలుతుంది, పట్టా దక్కుతుందో లేదో. కలలో కన్నా ఎక్కువ భయం వేస్తుంది.

"వస్తున్నరా మేడం?"

"వస్తున్న," అని ఎడమచేత్తోనే గడియ తీస్తుంది.