అరవై సెకన్ల నడక

“ఆ ఆటేదో తర్వాత ఆడుకోవచ్చు, ముందు డాబా మీద బట్టలు తీసుకురామ్మా,” అని అత్తగారు గుమ్మంలోంచి అనేసరికి కోడలికి ఇంకా ఇరవై సెకన్ల పని ఉంది. లేస్తే అంతా మొదటికొస్తుంది. లేవకపోతే మాటంటే లెక్కలేదంటారు. తెర మీద వంతెన దాటి, ఎడమకు తిరిగి, గుట్ట ఎక్కేదాకా ఆగి, అప్పుడు మేడ మీదికి పరుగెత్తింది.

పెళ్లయి రెండు నెలలు. భర్త కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులను పరీక్షించి, ఏది కొనాలో ఏది వద్దో తన వెబ్‌సైట్లో రాస్తాడు. కార్డు బిగించి, ఒక వీడియో గేమ్‌లో ఒకే దారిన అరవై సెకన్లు నడవాలి. ఆ కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసిందో కంప్యూటర్ చెబుతుంది. అవే మలుపులు, అదే చూపు, మూడుసార్లు. ఆటలో తల కాస్త పైకెత్తి ఆకాశం ఎక్కువ చూసినా, దాన్ని గీయడం తేలిక గనక అంకె పెరిగిపోతుంది. మొదటివారం ఆమె సరదాకి మౌస్ పట్టుకుంటే మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. “నీ చేతిలో ఏదో ఉందోయ్,” అంటూ అతను ఆమెను కుర్చీతో సహా గిర్రున తిప్పాడు. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పటినుంచి నడకలన్నీ ఆమెవే. రాతలో మాత్రం ‘నేను పరీక్షించాను’ అని ఉండేది. ఆ ‘నేను’లో తనూ ఉందనుకుని మురిసిపోయింది.

ఆ సాయంత్రం కార్డులు తయారుచేసే కంపెనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పని చూసి నచ్చితే పరీక్షల విభాగం మొత్తం భర్తకు అప్పగిస్తారట. “నువ్వు టీ తెద్దువుగానీ,” అన్నాడు భర్త ముందుగానే, “ఇంట్లో ఆవిడ చేస్తుందంటే ఏం బాగుంటుంది?”

ఆమె ట్రేతో వచ్చేసరికి భర్త ఆటలో నడుస్తున్నాడు. తొంభై ఒకటి. ఎనభై నాలుగు. తొంభై ఏడు. అతని మెడ మీద చెమట పట్టింది. “మా ఆవిడ గది సర్దింది లెండి,” అని నవ్వాడు, “ఏ వైరు కదిపిందో.” పెద్దాయనా నవ్వి, ఆమె వైపు చూడకుండానే కప్పు తీసుకున్నాడు. వైరేమీ కదల్లేదు. వంతెన మీద ఒకసారి తలెత్తాడు, ఒకసారి నేల చూశాడు, మూడోసారి మలుపే తప్పాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అతని పరువేం కాను? చెప్పకపోతే తనదేం కాను? ఈ రెండో ప్రశ్న ఇన్నాళ్లూ రాలేదేమని ఆశ్చర్యపోతూ ఖాళీ ట్రేతో నిలబడిపోయింది. అతను చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు. పొద్దున తనకు జడ వెయ్యబోయి చిక్కులు పడేసి, తనతో కలిసి పొట్ట పట్టుకుని నవ్విన మనిషే ఇతను.

పెద్దాయనను సాగనంపి వచ్చి భర్త తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా మూడు నడకలు రికార్డు చేసి పంపమన్నాడట. “నువ్వు కానిచ్చెయ్. మనలో మనకేంటి, ఉద్యోగం వస్తే ఇద్దరిదీ కదా.” మొగుడికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలాగని అత్తగారు వంటింట్లోంచే తీర్పిచ్చేసింది. వైరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే కూర్చుంది. ఎనభై ఎనిమిది. ఎనభై ఎనిమిది. ఎనభై ఎనిమిది. వద్దనుకున్నా లోపల పాత సంతోషం ఉబికింది. పరుగెత్తి అతనికి చూపించాలనిపించింది. లేవలేదు. కంపెనీ పంపిన ఫారంలో ‘పరీక్షించినవారు’ అన్న చోట రెండు నిమిషాలు చూపు నిలిపింది. తర్వాత వేళ్లు తడబడకుండా తన పేరు టైపు చేసి, పంపించేసింది.

“పంపావా?” అద్దం ముందు తల దువ్వుకుంటూ అడిగాడు అతను.

“పంపానండీ. నడిచింది నేనని రాశాను. మళ్లీ ఎదురుగా చూస్తామంటే నన్నే పిలుస్తారు,” అంది. “మీరూ రండి, తోడుగా.”